వన్యప్రాణుల వర్గీకరణ: ఎర్ర జాబితా వేరు, చట్టం వేరు

ఒక వన్యప్రాణి ‘దుర్బల’ జాతిగా గుర్తింపు పొందినంత మాత్రాన దానికి చట్టరక్షణ లభించినట్లు కాదు. దుర్బల అనే వర్గం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐ.యు.సి.ఎన్.) ప్రకటించే ఎర్ర జాబితాకు చెందినది. 10 సంవత్సరాలు లేదా 3 తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో, కారణాలు ఇంకా తొలగని స్థితిలో జాతి సంఖ్య కనీసం 30 శాతం తగ్గినా, ప్రజనన వయస్సుకు వచ్చిన ప్రాణులు 1,000 లోపే మిగిలినా ఆ జాతి ఈ వర్గానికి అర్హమవుతుంది. క్షీణత ఇంకా తీవ్రమైతే పై వర్గాలకు చేరుతుంది. ఇది శాస్త్రీయ అంచనా మాత్రమే. దీని ఆధారంగా ఎవరినీ శిక్షించరు.

శిక్షకు ఆధారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో దుర్బల వర్గమంటూ లేదు, షెడ్యూళ్ళే ఉన్నాయి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రాగా ఆరు షెడ్యూళ్ళు నాలుగైనాయి. జంతువులు మొదటి రెండింటిలోను, మొక్కలు మూడవదానిలోను, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణకు లోబడిన జాతులు నాల్గవదానిలోను ఉన్నాయి. షెడ్యూళ్ళలో మార్పులు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానిది.

రెండు జాబితాలు ఏకీభవించే సందర్భాలు లేకపోలేదు. ఉద్దానం జీడితోటల్లోకి వచ్చే ఎలుగుబంటి ఎర్ర జాబితాలో దుర్బలం, చట్టంలో మొదటి షెడ్యూలు. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడు పరిస్థితి మరింత ఆసక్తికరం. అక్కడ అభయారణ్యం ఏర్పడినది బట్టమేక పిట్ట కోసం; అది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షి. అదే నేలపై చుట్టుపక్కల పొలాలను మేసే కృష్ణజింకకు ఎర్ర జాబితా ప్రకారం ప్రస్తుతం ఆందోళన స్వల్పమే. చట్టం మాత్రం రెండింటినీ మొదటి షెడ్యూలులోనే ఉంచింది. నెమలి సంగతీ అంతే. కనుక పంట నష్టం ఎంతైనా ఆ కారణంగా వీటిని చంపేందుకు అనుమతి లభించదు. 11వ సెక్షను ప్రకారం మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పుగా మారినా, కోలుకోలేని వ్యాధికో వైకల్యానికో గురైనా తప్ప ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు వేటకు ఆజ్ఞ ఇవ్వరాదు.

రెండవ షెడ్యూలులోని అడవి పంది విషయంలో నిలిచి ఉన్న పంటకు ప్రమాదం కూడా తగిన కారణమే. అయితే వ్రాతపూర్వకమైన అనుమతి తప్పనిసరి. 62వ సెక్షను క్రింద ఒక ప్రాంతానికి, ఒక కాలానికి దానిని హానికర జంతువుగా కేంద్రం ప్రకటించవచ్చును.

విస్తరణ అధికారి రైతుకు స్పష్టం చేయవలసిన సంగతి మరొకటి ఉన్నది. చట్టం దృష్టిలో ఉచ్చు వేయడము, విషం పెట్టడము, అందుకు ప్రయత్నించడము కూడా వేటే. పందికని వేసిన ఉచ్చు జాతిని చూసి బిగుసుకోదు. మొదటి షెడ్యూలు జంతువును వేటాడిన నేరం ఋజువైతే 3 నుండి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి.