లేపాక్షి పైకప్పు కింద – ఒక రసాయనశాస్త్ర పాఠం

లేపాక్షికి వెళ్ళొచ్చామని చెబితే మా కాలేజీలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూశారా?" చూశాం. దూరింది. ఆ స్తంభానికీ నేలకూ మధ్య సన్నని సందు ఉన్నమాట నిజమే. ఎవరో ఆంగ్లేయ ఇంజనీరు దాన్ని కదిలించబోతే మండపమంతా కదిలిందని గైడు కథ కూడా చెబుతాడు. వచ్చినవాళ్ళు వరుసకట్టి గుడ్డ దూర్చి, ఫోటో దిగి, నందిని చూడ్డానికి వెళ్ళిపోతారు. తలెత్తి పైకి చూసేవాళ్ళు పదిమందిలో ఒకరో ఇద్దరో. ఈ వ్యాసం ఆ పైకప్పును గురించి.

సైదాబాద్‌లో గది తీసుకొని చదువుకునే మాబోటివాళ్ళకు కాచిగూడ స్టేషను దగ్గరే. బెంగుళూరు రైలెక్కి హిందూపురంలో దిగితే అక్కణ్ణుంచి బస్సులో 15 కిలోమీటర్లు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. దారి పొడుగునా ఎర్రనేల, బండలు. వీరభద్రస్వామి గుడి ఉన్న గుట్టకు కూర్మశైలమని పేరు. తాబేలు వీపులాగా నున్నగా పైకి లేచిన ఒకే గ్రానైటు బండ అది. గుడికి వేరే పునాది అక్కర లేకపోయింది, బండే పునాది. ప్రాకారం లోపల నడుస్తుంటే కాలి కింద ఆ రాయే ఎగుడుదిగుడుగా తగులుతుంది.

విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. విరూపణ్ణ పెనుకొండలో ఉద్యోగి. రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, శిక్ష తెలిసి తన కళ్ళు తానే పీక్కొని గోడకు కొట్టాడనీ కథ. కల్యాణమండపం అసంపూర్తిగా నిలిచిపోవడానికి కూడా ఇదే కారణమంటారు. ఏడు పడగల నాగలింగాన్ని గురించీ, 27 అడుగుల పొడవూ 15 అడుగుల ఎత్తూ ఉన్న ఏకశిలా నందిని గురించీ అన్ని పుస్తకాల్లోనూ ఉంది కనుక నేను మళ్ళీ రాయను.

పైకప్పు మాటకొస్తే, నాట్యమండపం కప్పురాళ్ళ నిండా బారులు తీరిన బొమ్మలు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, అర్జునుడికీ కిరాతుడికీ మధ్య దూసుకువచ్చే పంది. ఇంకోచోట సుమారు 25 అడుగుల పొడవున ఒక్క వీరభద్రుడే. ముఖాలు ఎక్కువగా పక్కవాటు, ముక్కులు సూదిగా ఉంటాయి. మగవాళ్ళ తలలమీద పొడుగాటి కుళ్ళాయిలు, ఆడవాళ్ళ చీరలమీద గళ్ళు, అంచులు. ఇప్పటి నేతగాళ్ళు కూడా ఈ గుడి నుంచి డిజైన్లు తీసుకుంటున్నారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మనునీతి చోళుని కథ. రాజకుమారుడి రథం కింద దూడ పడి చచ్చిపోయింది. తల్లి ఆవు వచ్చి రాజుగారి వాకిట్లో ధర్మగంట మోగించింది. రాజు విచారించి, కొడుకుని కూడా అదే రథం కింద పడెయ్యమన్నాడు. మా ఇంట్లో ఆవులున్నాయి. దూడ పోయిన ఆవు మేత ముట్టకుండా రెండ్రోజులు అరవడం చూసినవాడికి ఆ బొమ్మ పురాణంలా అనిపించదు. కాపువాళ్ళ న్యాయం రాజమండపంలో గీసిపెట్టినట్టు ఉంటుంది.

ఇక పాఠం. బండమీద రంగు నేరుగా నిలవదు. అందుకని ముందు సున్నపుగచ్చు పూశారు. సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి కాల్షియం హైడ్రాక్సైడు అవుతుంది. దాన్ని ఇసకతో కలిపి పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయవుతుంది. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడే రంగు వేస్తే ఆ రాయిలోనే రంగు బందీ అయిపోతుంది. ఇటలీ చర్చీలలో ఆ పద్ధతి వాడారు. విజయనగర కాలపు చిత్రాల్లో ఎక్కువభాగం మాత్రం ఆరిన గచ్చుమీద, అంటుపదార్థం కలిపిన రంగుతో వేసినవే. పనివాడికి తొందర ఉండదు, నింపాదిగా గీతలు దిద్దుకోవచ్చు. కానీ రంగు గోడలోపలికి పోదు, పైన పొరలాగా ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

రంగులు చాలావరకు మన కాళ్ళకింద ఉన్నవే. ఎరుపంటే జేగురు, అంటే ఐరన్ ఆక్సైడు. పసుపుమన్ను కూడా ఇనుమే, కాకపోతే అందులో నీటి అణువులు కలిసి ఉంటాయి. పెనంమీద వేయిస్తే నీరుపోయి ఎర్రబడుతుంది. ఎవరైనా హాస్టల్ స్టవ్వుమీద చేసి చూడొచ్చు. తెలుపు సున్నం, నలుపు మసి. ఇవి ఎండకు వెలిసిపోయే రంగులు కావు. ఐదువందల ఏళ్ళకు దగ్గరపడుతున్నా ఆ ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉండటానికి కారణం అదే.

మరి బొమ్మలెందుకు పాడవుతున్నాయి? రంగు చెడి కాదు, దాని కింద గచ్చు చెడి. కప్పురాళ్ళ అతుకుల్లోంచి వాననీరు దిగుతుంది. ఆ నీటిలో కరిగిన లవణాలు ఆరేటప్పుడు గచ్చు వెనకాల స్ఫటికాలు కట్టి, దాన్ని లోపల్నుంచి నెడతాయి. మా ఊళ్ళో మట్టిగోడలు అడుగున ఉప్పుపట్టి పెచ్చులూడటం ఇదే. చౌడునేల ఉన్న ఏ రైతుకైనా ఇది తెలిసిన సంగతే. దానికి తోడు దీపాల మసి, చెయ్యి అందినచోట జిడ్డు. మండపంలో కొన్నిచోట్ల ఇప్పుడు బొమ్మకు బదులు ఉత్త గ్రానైటు కనిపిస్తుంది.

బాగుచేస్తే పోలేదా అని నేనూ అడిగాను. దానికి జవాబు మన హైదరాబాదు చరిత్రలోనే ఉంది. అజంతా గుహలు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు, గులాం యజ్దానీ పురావస్తుశాఖను నడిపిన రోజుల్లో, లోరెంజో చెక్కోనీ, కౌంట్ ఓర్సినీ అనే ఇద్దరు ఇటలీ నిపుణులను 1920లో పిలిపించారు. ఊడిపోతున్న గచ్చును వాళ్ళు చక్కగా అతికించి నిలబెట్టారు. కానీ బొమ్మలమీద షెల్లాక్, అంటే లక్క వార్నిషు పూశారు. ఆనాటికి అది మంచి మందే. కాలంగడిచేకొద్దీ ఆ లక్క పసుపుబారి, మసినీ దుమ్మునూ పట్టుకొని, కింది రంగుల్ని కప్పేసింది. దాన్ని తియ్యడానికి తరవాతి రసాయనజ్ఞులు ఏళ్ళతరబడి కష్టపడాల్సి వచ్చింది. అజంతా బొమ్మల నకళ్ళు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. సైదాబాద్ నుంచి సిటీబస్సులో పోయి రావొచ్చు.

కనుక లేపాక్షిలో మొదట కావలసింది బొమ్మమీద కొత్త పూత కాదు, పైన నీరు దిగని కప్పు. ఇంట్లో ధాన్యపుగాదె మీద చూరు కారుతుంటే ముందు ఎక్కడ ఎక్కుతామో ఆలోచించండి. 2022లో ఈ గుడి, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. జనం ఇంకా పెరుగుతారు, గుడ్డ దూర్చే వరుస కూడా పెరుగుతుంది.

వెళ్ళే మిత్రులకు రెండు మాటలు. పొద్దున్నే వెళ్ళండి, వెలుతురు ఏటవాలుగా మండపంలోకి వస్తుంది. దొరికితే ఒక బైనాక్యులర్ తీసుకెళ్ళండి. లేకపోతే అరగంటకే మెడ పట్టేస్తుంది.