కరవు దినములలో పనివారితో మాట

పాఠ్యభాగము: నెహెమ్యా 5వ అధ్యాయము



వానలు తప్పిన యేట రైతు చేలకంటె ముందుగా ఎండిపోవునది అతని నోటి మాట. చేతిలో డబ్బున్నప్పుడు పాలేరును ఆప్యాయముగా పలుకరించినవాడే, లేనప్పుడు అతని యెదుట పడక దొడ్డిదారిన పోవును. జీతమడుగునేమోనని భయము. అయితే యజమాని మౌనముగా నున్నంత మాత్రమున పనివాని మనస్సు ఊరకుండదు. పొలము అమ్ముచున్నాడట, మనలను మాన్పించునట అని రచ్చబండ యొద్ద పుట్టిన మాట ఇంటింటికి పాకును. ఇటుక బట్టీ నడుపువారికిని, మగ్గములు నేయించువారికిని ఈ సంగతి తెలిసినదే.

నెహెమ్యా యెరూషలేము ప్రాకారము కట్టించుచున్న దినములలో ప్రజలు కరవుచేత నలిగిపోయిరి. పురుషులే గాక వారి భార్యలును వచ్చి మొరపెట్టిరి. ధాన్యము కొరకు కొందరు పొలములు, ఇండ్లు తాకట్టు పెట్టిరి. రాజునకు పన్ను కట్టుటకై మరి కొందరు అప్పు తెచ్చిరి. కొందరి బిడ్డలు అప్పటికే దాస్యములోనికి పోయిరి. అప్పిచ్చినవారు పరాయివారు కారు, స్వజనులే.

నెహెమ్యా ఏమి చేసెను? వారి మొర పూర్తిగా వినెను. మిక్కిలి కోపము వచ్చెను. అయినను వెంటనే మాటలాడక, తనలో తాను యోచించుకొనెను. ఈ చిన్న సంగతిని మనము చదువుచు దాటిపోవుదుము గాని, కోపముతో నోరు తెరచిన మేస్త్రీ ఒక్క పూటలో ఎంత చెరపునో పనిచేసినవారికి తెలియును. పిమ్మట అతడు ప్రధానులను చాటున పిలిచి మందలించి ఊరకుండలేదు. గొప్ప సమాజము కూర్చి అందరి యెదుట మాటలాడెను. తానును తన బంధువులును అప్పిచ్చినవారమేనని దాచక చెప్పెను. అంతా మేలగునులే అని ఓదార్చి పంపక, పొలములను ఆ దినముననే తిరిగి ఇచ్చివేయుడని అడిగెను.

దేవుడే చూచుకొనునులే అను మాట భక్తిగా వినబడును. కూలి ఎగవేయువారును ఆ మాటే అందురు! ప్రొద్దు గ్రుంకకముందే బీదవాని కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో నున్నది.

మన దేశములోనే ఒక సాక్ష్యమున్నది. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని ఇచ్చిరి. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. వారు పగలు పని చూచుచు, కూలీలు విశ్రమించు వేళ వారి మధ్య కూర్చుండి ఆదరణ మాటలు చెప్పిరి. అన్నము కొరకు ఎవరును సంఘములో చేరకూడదని, ఆ పని జరుగు కాలమంతయు దొరగారు బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మేస్త్రీ మాటయు బోధకుని మాటయు ఒక్కటే నోటినుండి వచ్చినందున, పనియొద్ద అతడెట్లు పలికెనో చూచియే వారు అతని బోధను తూచియుందురని నాకు తోచుచున్నది.

ఇక చేతిలో ఏమియు లేని రైతు సంగతి. దినకూలి ఆ సాయంత్రమే ఇయ్యవలెను. ఇయ్యలేనిచో ఉదయమే పిలువరాదు. సంవత్సరపు పాలేరునైతే భార్యతో కూడ పిలిచి కూర్చుండబెట్టి, ఈ నెల సగమే ఇయ్యగలను, మిగిలినది మిరప అమ్మిన తరువాత ఇత్తును అని చెప్పి, వారి యెదుటనే పుస్తకములో వ్రాయవలెను. వచ్చే యేడు పని లేదని తెలిసినచో ఇప్పుడే చెప్పవలెను. అతడు వేరొకచోట వెదకుకొనును. పని మానిన పిమ్మటను వీధిలో ఎదురైనప్పుడు పలుకరించుట మానరాదు.

అయితే పనివాడు మాట వినుచునే యజమానుని వాకిలి కూడ చూచును. పాలేరు జీతము ఆగిన నెలలోనే పెండ్లి పందిరి ఘనముగా వేసినచో ఏ మాట నిలుచును? నెహెమ్యా 12 సంవత్సరములు అధికారిగా నుండియు, అధికారికి రావలసిన భోజన భత్యము తీసికొనలేదు. అతని బల్లయొద్ద 150 మంది యూదులు భోజనము చేయుచుండిరి. ఊరంతయు పొలములు తాకట్టు పెట్టిన ఆ కాలములో అతడు ఒక్క పొలమైనను కొనలేదు. అతని పనివారందరును గోడ పనియొద్దనే యుండిరి.