రంగు అంటడం వేరు, పట్టడం వేరు

మన భాషలో రంగుకి ఉన్న క్రియల్ని ఒక్కసారి వరసగా పెట్టి చూడండి. రంగు అంటింది, ఎక్కింది, పట్టింది, కారింది, దిగింది, వెలిసింది. వినడానికి అన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. కానీ ఇంట్లో దారానికి రంగు వేద్దాం అనుకునేవాళ్ళకి ఒక్కో క్రియ ఒక్కో సంగతి చెబుతుంది. నీళ్ళల్లో ఉన్న రంగు దారంలోకి చేరితే ఎక్కినట్టు. దారంతో కలిసిపోయి, ఉతికినా వదలకపోతే పట్టినట్టు. చేరింది గానీ కలవలేదంటే ఊరికే అంటినట్టు. అది మొదటి ఉతుకులోనే కారుతుంది. ఎండకి పాలిపోతే వెలిసినట్టు.

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క తేడా గురించే: అంటిన రంగుని పట్టిన రంగుగా ఎలా మార్చాలి?

క్రోషె మనకి ఇన్‌స్టాగ్రామ్ నేర్పిందేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు 19వ శతాబ్దం నుంచీ క్రోషె లేసు అల్లుతున్నారు. మొదట నేర్పింది క్రైస్తవ మిషనరీలు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు మన హాస్టళ్ళలోనూ పువ్వులు, సంచులు, కీచైన్లు అల్లుతున్నారు. ఫెస్ట్ వస్తే స్టాల్ పెట్టి అమ్ముతున్నారు. అల్లికలో ఖర్చయ్యేది దారం కంటే సమయమే. ఒక చిన్న శాలువాకి ఎన్నో సాయంత్రాలు పోతాయి. అందులో ఎర్ర వరస పక్కన తెల్ల వరస ఉండి, ఎరుపు కారిందనుకోండి, ఆ ఒక్క వరసని పీకి వేరేది పెట్టడం కుదరదు. పని మొత్తం పోయినట్టే. అందుకే అల్లిన తర్వాత రంగు గురించి ఆలోచించడం కంటే, అల్లక ముందే దారం దగ్గర తేల్చుకోవడం మంచిది.

మొదటి ప్రశ్న: ఇది ఏ దారం?

రంగు ఏది కొనాలి అన్నది రెండో ప్రశ్న. ముందు దారం ఏదో తెలియాలి. పత్తి నూలు అంటే సెల్యులోజ్. గొర్రె ఊలు అంటే కెరాటిన్ అనే ప్రోటీన్, అంటే మన జుట్టులో, గోళ్ళలో ఉన్నదే. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్ జాతి. వీటికి రంగు పట్టే పద్ధతులు ఒకదానికొకటి సంబంధం లేనివి. ఇంకో చిక్కు ఏంటంటే, మన షాపుల్లో "ఊలు" అని అడిగితే ఇచ్చే చవక ఉండల్లో చాలావరకు అక్రిలిక్కే.

లేబుల్ లేకపోతే కాల్చి చూడండి. రెండంగుళాల ముక్కని పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద వెలిగించాలి. పక్కన నీళ్ళు పెట్టుకోండి. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద వస్తే పత్తి. జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, మిగిలిన నల్లపూస వేళ్ళ మధ్య నలిగిపోతే ఊలు. కరిగి, బొట్లుగా సాగి, చల్లారాక గట్టి ఉండ అయితే అక్రిలిక్. అక్రిలిక్ అయితే రంగు వేసే ఆలోచన అక్కడితో మానేయండి. కింద చెప్పే పద్ధతుల్లో ఏదీ దానికి పనిచేయదు. కావలసిన రంగులోనే కొనుక్కోవడం నయం.

చిలప కట్టడం, మైనం వదిలించడం

ఉండగా ఉన్న దారానికి రంగు వేస్తే పైన ముదురుగా, లోపల తెల్లగా ఉండిపోతుంది. కుర్చీ వీపుకి చుట్టి చిలపగా మార్చాలి. నాలుగు చోట్ల వేరే దారంతో, ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా కట్టండి. బిగించి కడితే ఆ కట్టు కింద తెల్ల మచ్చ పడుతుంది. నిజానికి ఆ బిగింపునే కావాలని వాడుకుంటే అది ఇక్కత్. పోచంపల్లిలో, పుట్టపాకలో నేత కంటే ముందే దారం మీద చేసే పని అదే.

ఇక్కడి నుంచి లెక్కలన్నీ 100 గ్రాముల పొడి దారానికి. మీ దగ్గర 50 గ్రాములుంటే అన్నీ సగం చేసుకోండి. నీళ్ళ కొలత కంటే దారం బరువే ముఖ్యం. ఎందుకంటే రంగు పట్టాల్సింది దారానికి, నీళ్ళకి కాదు.

పత్తి చూడటానికి శుభ్రంగానే ఉంటుంది కానీ దాని మీద సహజంగా ఉండే మైనం నీళ్ళని లోపలికి రానివ్వదు. 4 లీటర్ల నీళ్ళల్లో 5 గ్రాముల వాషింగ్ సోడా, కొంచెం డిటర్జెంట్ వేసి గంటసేపు సన్నని సెగ మీద ఉడికించండి. నీళ్ళు టీ రంగులోకి తిరిగితే ఆశ్చర్యపోకండి, వదలాల్సింది వదులుతోందన్నమాట. ఊలుని మాత్రం ఇలా ఉడికించకూడదు. గోరువెచ్చని నీళ్ళల్లో షాంపూ చుక్క వేసి నానబెడితే చాలు.

గిన్నె స్టీలుది వాడండి. ఇనుము, అల్యూమినియం గిన్నెలు రంగుని మార్చేస్తాయి. రంగుకి వాడిన గిన్నె, గరిటె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. ఇది అన్ని పద్ధతులకీ వర్తిస్తుంది.

పత్తికి మొక్కల రంగు: మధ్యలో ఒక మధ్యవర్తి

మొక్కల రంగుల్లో చాలావాటికి పత్తితో నేరుగా పొత్తు కుదరదు. మధ్యలో ఒక లోహం ఉండాలి. ఆ లోహం ఒక చేత్తో దారాన్ని, ఇంకో చేత్తో రంగుని పట్టుకుంటుంది. మనకి అందుబాటులో ఉన్నది పటికలోని అల్యూమినియం. అయితే పటిక కూడా పత్తిని గట్టిగా పట్టుకోదు. అందుకని ముందు కరక్కాయ. అందులోని టానిన్ పత్తిని పట్టుకుంటుంది, పటిక టానిన్‌ని పట్టుకుంటుంది, రంగు పటికని పట్టుకుంటుంది. ఇదొక గొలుసు. మధ్యలో ఏ కొక్కెం లేకపోయినా మిగతాదంతా జారిపోతుంది.

దీనికి బందరు కలంకారీ కంటే మంచి పాఠం లేదు. ముందు బట్టని కరక్కాయలో ముంచి ఆరబెడతారు. తర్వాత ఒక అచ్చుతో ఇనుప ద్రావణం అద్దుతారు, అది కరక్కాయతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఇంకో అచ్చుతో పటిక అద్దుతారు. అది పెద్దగా కనిపించదు. ఆ తర్వాత బట్ట మొత్తాన్ని ఎర్ర రంగు కాగులో ఉడికిస్తారు. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. అందులోని అసలు రంగు అలిజరిన్. దాన్ని 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబే, లీబర్‌మన్ ప్రయోగశాలలో తయారు చేశారు. కాగులోంచి బయటికి తీసినప్పుడు పటిక అద్దిన చోట ఎరుపు పట్టి ఉంటుంది. మిగతా చోట్ల పల్చగా అంటి ఉంటుంది. పారే నీటిలో ఉతికి, ఎండలో ఆరబెడుతూ ఉంటే అంటినది పోయి పట్టినది మిగులుతుంది. మనం చెప్పుకుంటున్న తేడా ఒకే బట్ట మీద, అంగుళం దూరంలో, కళ్ళకి కనిపిస్తుందన్నమాట.

మన వంటకం ఇది. 20 గ్రాముల కరక్కాయ పొడిని వేడినీళ్ళల్లో కలిపి, వడకట్టి, తడి చిలపని అందులో రెండు గంటలు ఉంచండి. తీసి పిండండి, ఎక్కువగా జాడించకండి. తర్వాత 15 గ్రాముల పటికని వేడినీళ్ళల్లో కరిగించి, మరిన్ని నీళ్ళు కలిపి, చిలపని రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఒకసారి జాడిస్తే దారం రంగుకి సిద్ధం.

ఇప్పుడు రంగు. 100 గ్రాముల ఎండు దానిమ్మ తొక్కల్ని గంటసేపు మరిగించి వడకడితే బంగారు పసుపు. ఆ నీళ్ళల్లో చిలపని గంటసేపు సన్నని సెగ మీద ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. ఎరుపు కావాలంటే అంతే బరువు మంజిష్ఠ పొడి. కానీ మరిగించకండి. 70 డిగ్రీలు దాటితే గోధుమ రంగు బయటికొచ్చి ఎరుపు మసకబారుతుంది. బూడిద రంగు కావాలంటే, దానిమ్మ పసుపు పట్టిన చిలపని 2 గ్రాముల అన్నభేది కలిపిన నీళ్ళల్లో ఐదు నిమిషాలు ముంచండి. కళ్ళముందే రంగు మారుతుంది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే. ఎక్కువైతే దారం పెళుసుబారుతుంది. పిల్లలకి అందకుండా దాచాలి. పాత వంటకాల్లో మైలుతుత్తం, క్రోమియం లవణాలు కూడా కనిపిస్తాయి. అవి విషం. ఇంట్లో వాడకండి, వాటి అవసరం కూడా లేదు.

మరి పసుపు? అందరూ మొదట తీసేది అదే కదా. పసుపు పత్తికి తేలిగ్గా ఎక్కుతుంది, మొదటిరోజు కళ్ళు జిగేల్‌మంటాయి. కానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేదీ అదే. ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. చొక్కా మీద పసుపు మరకకి ఎండే మందు అని ఇంట్లో అంటారు కదా, అదే మనకి ఇక్కడ శత్రువు. ప్రయోగానికి వాడండి, అమ్మే వస్తువుకి వద్దు.

పత్తికి రియాక్టివ్ రంగు

"సహజమా, కృత్రిమమా" అన్న గొడవ పక్కన పెడితే, పత్తిని అందరికంటే గట్టిగా పట్టుకునే రంగులు రియాక్టివ్ రంగులు. 1956లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ ప్రోసియాన్ పేరుతో వీటిని మొదట బజారుకి తెచ్చింది. ఇవి మధ్యవర్తిని అడగవు. నేరుగా సెల్యులోజ్‌తో సమయోజనీయ బంధం ఏర్పరుచుకుంటాయి. ఇంటర్‌లో చదివిన కోవలెంట్ బాండే. దారంలో రంగు ఉంది అనడం కంటే, రంగు దారంలో భాగమైంది అనడం సరైన మాట.

2 లీటర్ల నీళ్ళల్లో 3 గ్రాముల రంగు, 100 గ్రాముల ఉప్పు కరిగించి, తడి చిలప వేసి, అరగంటపాటు మెల్లగా తిప్పుతూ ఉండండి. నీళ్ళల్లో పత్తి మీద, రంగు మీద రెండిటి మీదా ఋణావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ గొడవని తగ్గించి రంగుని ఎక్కిస్తుంది. తర్వాత చిలపని పక్కకి తీసి, 20 గ్రాముల సోడా యాష్‌ని వేరే నీళ్ళల్లో కరిగించి కలపండి. చిలపని మళ్ళీ వేసి గంటసేపు ఉంచండి. బంధం ఏర్పడేది ఈ గంటలోనే. చల్లని రకం రియాక్టివ్ రంగు అయితే పొయ్యి అక్కర్లేదు, మన వేసవి గది వేడే సరిపోతుంది. పొడి కలిపేటప్పుడు మాత్రం మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

అసలు కష్టం తర్వాత ఉంది. కొంత రంగు దారం బదులు నీళ్ళతోనే చర్య జరిపేస్తుంది. అది ఇక దేనికీ పట్టదు, దారం మీద ఊరికే అంటి ఉంటుంది. దాన్ని పూర్తిగా వదిలించాలి. ముందు చల్లనీళ్ళల్లో జాడించండి, తర్వాత బాగా వేడినీళ్ళల్లో సబ్బుతో, నీళ్ళు తేటపడేదాకా. నాలుగైదు సార్లు పట్టొచ్చు. ఇంత గట్టి రంగు కూడా కారిందని ఎవరైనా అంటే, ఎక్కువసార్లు లోపం రంగులో ఉండదు, ఈ ఉతుకు మధ్యలో ఆపేయడంలో ఉంటుంది.

ఊలుకి: మిఠాయి రంగు, వెనిగర్

గోరింటాకు "పండింది" అంటాం. ఆకులోని లాసోన్ చర్మంలోని కెరాటిన్‌తో కలిసిపోతుంది, అందుకే ఆ చర్మపు పొర రాలేదాకా రంగు పోదు. ఊలు కూడా కెరాటిన్ కాబట్టి దానికి రంగు పట్టించడం పత్తి కంటే సులువు. కిరాణా కొట్లో దొరికే మిఠాయి రంగులు చాలు. టార్ట్రజీన్ లాంటివి రసాయనంగా చూస్తే ఆసిడ్ రంగులు. వెనిగర్ వేస్తే ఊలు మీద ధనావేశం పెరిగి, ఋణావేశం ఉన్న రంగుని లాక్కుంటుంది.

2 లీటర్ల గోరువెచ్చని నీళ్ళల్లో 80 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, ఒకటి రెండు గ్రాముల రంగు కలిపి, తడి చిలప వేసి మెల్లగా వేడి చేయండి. ఆవిరి రావాలి గానీ మరగకూడదు. అరగంటలో నీళ్ళు తేటపడతాయి, రంగంతా దారంలోకి వెళ్ళిపోతుంది. చూడటానికి భలే ఉంటుంది. అందులోనే చల్లారనివ్వండి. వేడి నుంచి ఒక్కసారిగా చల్లనీళ్ళల్లో వేసి గట్టిగా నలిపితే ఊలు కంబళిలా ముద్దకడుతుంది. ఉతుక్కి ఈ రంగులు నిలుస్తాయి, ఎండకి అంతగా నిలవవు. అదే రంగుని పత్తికి వేస్తే? అంటుతుంది, అంతే. ఒక్క ఉతుకులో గిన్నె నిండా జిలేబీ నీళ్ళు.

అమ్మే ముందు, అల్లే ముందు: రెండు పరీక్షలు

కోడ్ రాసి టెస్ట్ చేయకుండా వదలం కదా, ఇదీ అంతే. మొదటిది ఉతుకు పరీక్ష. రంగు దారం ముక్కని తెల్ల నూలు గుడ్డలో చుట్టి, వేడి సబ్బునీళ్ళల్లో అరగంట ఉంచండి. గుడ్డ తెల్లగా ఉంటే పాస్. రెండోది ఎండ పరీక్ష. దారాన్ని అట్టముక్కకి చుట్టి, సగం నల్ల కాగితంతో మూసి, కిటికీలో రెండు వారాలు పెట్టండి. తెరిచి చూస్తే రెండు సగాలూ ఒకేలా ఉండాలి.

ఇంకో రెండు మాటలు. ఒక వస్తువుకి కావలసిన దారమంతా ఒకే గిన్నెలో, ఒకేసారి రంగు వేయండి. రెండోసారి అదే ఛాయ రాదు. బోరు నీళ్ళల్లో ఇనుము ఉంటే చాలు, పసుపు మసకబారుతుంది. దారం బరువు, రంగు బరువు, నీళ్ళు ఎక్కడివి, ఎంతసేపు, ఇవన్నీ రాసి, పక్కన దారం ముక్క అతికించండి. పది ముక్కలయ్యేసరికి మీ సొంత పుస్తకం తయారవుతుంది.

చీరాలలో పుట్టిన తేలియా రుమాల్‌కి ఆ పేరు నూనె వల్ల వచ్చింది. అక్కడ దారానికి రంగు వేయడానికి ముందే నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి రోజుల తరబడి పట్టిస్తారు. రంగు కాగు దగ్గర గడిపే సమయం కంటే దారాన్ని సిద్ధం చేసే సమయమే ఎక్కువ. వాళ్ళ చేతుల్లో ఆ ఎరుపు నిలవడానికి కారణం ఏ రహస్య రంగూ కాదు, ఆ ముందు పనే. స్టాల్ మీద "నేచురల్ డై" అని బోర్డు పెట్టడం ఒక్క నిమిషం పని. కొన్నవాళ్ళు దాన్ని ఉతుక్కుని మళ్ళీ ధైర్యంగా వేసుకోగలగాలి, మన మాటకి విలువ అక్కడే. ముందు 20 గ్రాముల చిలపతో మొదలుపెట్టండి. ఉతకండి, ఎండబెట్టండి, చూడండి. పట్టిందని తేలాకే సూది చేతిలోకి తీసుకోండి.