స్క్రూ తిప్పే ముందు: పాత బుల్లెట్టు నేర్పిన పాఠాలు

ఇనుప ఇంజను 350 బుల్లెట్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తాత నడిపిన బండిని మనవడు బయటికి తీసి బాగు చేయించుకుంటుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. అయితే బండి కాస్త మొండికేస్తే చాలు, అందరి చేయీ ముందు కార్బ్యురేటర్ స్క్రూ మీదికే పోతుంది. ఇన్నేళ్ల పనిలో నాకు రూఢి అయిన సంగతి ఒకటే: గాలి దారి బిగువుగా ఉంటేనే పెట్రోలు లెక్క కుదురుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం ఆ వరస ఇక్కడ రాస్తున్నాను.

1. కార్బ్యురేటర్ పని ఆఖరున పెట్టుకోవాలి.
ముందు పాయింట్లు చూడాలి. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తర్వాత టాపెట్లు. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఆ తర్వాత టైమింగ్. స్పార్కు నీరసంగా ఉంటే పెట్రోలు సరిగా మండక ప్లగ్గు నల్లబడుతుంది. అది చూసి పెట్రోలు ఎక్కువైందని జెట్టు మారిస్తే లేని తప్పు కొత్తగా చేరుతుంది.

2. దొంగ గాలిని ముందు పట్టుకోవాలి.
స్లో ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంటే, యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగకపోతే, కార్బ్యురేటర్‌లోంచి తుమ్మినట్టు శబ్దం వస్తే, హెడ్డుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య ఎక్కడో గాలి దూరుతోందని అనుమానించాలి. ఇంజను స్లోలో ఉంచి ఆ అతుకుల మీద సబ్బునీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. ఎక్కడ తడిపినప్పుడు ఇంజను శబ్దం మారుతుందో లీకు అక్కడే. ఈ పనికి పెట్రోలు మాత్రం వాడకండి. వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది.

3. ఫ్లాంజి చదునుగా ఉండాలి.
కార్బ్యురేటర్‌ను హెడ్డుకు బిగించే ముఖమే ఫ్లాంజి. నట్లు అతిగా బిగిస్తే దాని చెవులు వంగి, మధ్యలో సందు పడుతుంది. మందపాటి అద్దం మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి ఫ్లాంజిని మెల్లగా రుద్దండి. ముఖమంతా ఒకేలా మెరిస్తే చదునైనట్టే. నట్లు రెండూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ప్యాకింగ్ రంధ్రం గాలి దారితో సమానంగా ఉండాలి, అంచు లోపలికి పొడుచుకు రాకూడదు. సిలికాన్ పేస్టు పూయొద్దు. పెట్రోలుకు ఉబ్బి, ముక్కలై ఊడిపోతుంది. మధ్యలో వేడిని ఆపే స్పేసర్ ఉంటే తీసి పారేయొద్దు. అది లేకపోతే హెడ్డు వేడికి ఫ్లోట్ చాంబరులో పెట్రోలు ఆవిరి కడుతుంది.

4. జెట్లలో తీగ పెట్టకూడదు.
జెట్టు ఇత్తడిది, మెత్తని లోహం. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై, దాని మీద ఉన్న నంబరుకు అర్థం లేకుండా పోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి. ఫ్లోట్ ఎత్తు, నీడిల్ వాల్వ్ కూడా అప్పుడే చూసుకోవాలి.

5. స్లో వేడి ఇంజను మీదే పెట్టాలి.
పాత బళ్లలో ఎక్కువగా కనిపించే మిక్‌కార్బ్ వీఎం రకంలో పక్కనున్న స్క్రూ గాలిది. బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. పూర్తిగా, మెత్తగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తీసి మొదలుపెట్టండి. ఇంజను ఎక్కడ ఎక్కువ వేగంగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో వేగం తగ్గించండి. ఆ చోటు ఒక చుట్టు కంటే తక్కువలో వస్తే పైలట్ జెట్టు చిన్నది, రెండున్నర దాటితే పెద్దది.

6. తప్పు ఏ మలుపులో ఉందో కనిపెట్టాలి.
యాక్సిలరేటర్ పిడి మీద టేపు అంటించి గుర్తులు పెట్టుకోండి. పావు వరకు పైలట్ జెట్టుదీ స్లైడు కోతదీ పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. ఆపైన మెయిన్ జెట్టుది. నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి పెడితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చింది కాగితం మీద రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

7. ప్లగ్గు చదవడం నేర్చుకోవాలి.
కొత్త ప్లగ్గు వేసి, ఒకే వేగంలో కొంతదూరం నడిపి, క్లచ్ పట్టి ఇంజను అక్కడే ఆపి ప్లగ్గు విప్పండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ, ఇదే ప్రమాదం. పిస్టన్ వేడెక్కుతుంది. ఎజ్డీ, ఆర్‌డీ లాంటి టూస్ట్రోకు బళ్లలో పిస్టన్ పట్టేస్తుంది కూడా. వాటిలో క్రాంకు సీళ్లు అరిగినా ప్లగ్గు ఇలాగే తెల్లబడుతుంది.

8. పెట్రోలు మారింది, ఎత్తు మారుతుంది.
కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబడితే నీడిల్ ఒక గాడి పైకి లేపండి. పాత రబ్బరు పైపులు, సీళ్లు మార్చండి. బండి వారాల తరబడి నిలిపితే చాంబరు ఖాళీ చేయండి. ఎత్తుకు వెళితే ఇది తిరగబడుతుంది. గాలి పలచనై పెట్రోలు ఎక్కువవుతుంది. విశాఖలో సరిచేసిన బండి అరకులో పెద్దగా ఇబ్బంది పెట్టదు. 2,200 మీటర్లు దాటిన ఊటీలో మాత్రం తేడా తెలుస్తుంది.

9. గాలి ఫిల్టరు పీకేయకూడదు.
శబ్దం గంభీరంగా వస్తుందని కుర్రవాళ్లు తీసేస్తున్నారు. మిశ్రమం చెడడమే కాదు, మన రోడ్ల దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి బోరు అరిగిపోతుంది.

ఇవన్నీ వరసగా చేశాక కూడా స్లో నిలవకపోతే స్లైడు పక్కకి ఎంత ఊగుతోందో చూడండి. స్లైడూ అది ఆడే గొట్టమూ అరిగి గాలి పక్కనుంచి పోతుంటే, ఆ కార్బ్యురేటర్ ఆయుష్షు తీరినట్టే. అప్పుడు కొత్తది కొనండి. అంతవరకూ పాతదాన్ని పారేయకండి. చాలా బళ్లలో చెడింది కార్బ్యురేటర్ కాదు, హెడ్డుకూ దానికీ మధ్యనున్న ప్యాకింగే.