పెద్ద ఎర – పెద్ద చేప

‘మత్స్యన్యాయం’ అనే మాట రాజనీతికి సంబంధించిన రచనలలో తరచుగా కనబడుతుంది. బలవంతుడు బలహీనుణ్ణి కబళించడమే దాని అర్థం. మానవ సమాజంలో అది నిందార్హం. నీటిలో మాత్రం అది ప్రకృతి ధర్మం. అయితే పెద్ద చేప ఎంత పెద్ద చేపను మింగగలదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన అమెరికా గాలపు వేటగాళ్లు తమ ఎరల పరిమాణాన్నే మార్చుకొన్నారు.

ఉత్తర అమెరికాలోని మంచినీటి చేపలలో లార్జ్‌మౌత్ బాస్ ప్రసిద్ధమైనది. పెద్ద నోరు గలది కాబట్టే దానికి ఆ పేరు వచ్చింది. దాని పైదవడ కంటిని దాటి వెనుకకు సాగి ఉంటుంది. నీటిమొక్కల చాటున, మునిగిన చెట్ల మొద్దుల నీడన పొంచి ఉండి, చిన్న చేపలు, కప్పలు, మంచినీటి క్రేఫిష్‌లు దగ్గరకు రాగానే అది ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. నీటితోపాటు ఆ జీవి కూడా నోటిలోకి కొట్టుకొని పోతుంది. బాస్ ఆహారాన్ని నమలదు, మొత్తంగా మింగుతుంది. కాబట్టి అది తినగలిగే జీవి పరిమాణాన్ని దాని నోటి వెడల్పే నిర్ణయిస్తుంది.

వేట అన్నది శక్తికి సంబంధించిన ఆదాయ వ్యయాల లెక్క. ఒక అంగుళం చేపలను ఇరవైసార్లు తరమడం కంటె, ఎనిమిది అంగుళాల చేపను ఒక్కసారి పట్టడం ముసలి బాస్‌కు లాభసాటి. చిన్న ఎరను నీటిలో వేస్తే పిల్లచేపలే ముందుగా ఎగబడతాయి. పెద్ద ఎరను చూసి అవి చాలావరకు వెనుకంజ వేస్తాయి. పెద్ద చేపకు మాత్రం చోటు విడిచి కదలడానికి తగిన కారణం దొరుకుతుంది. పెద్ద బాస్‌లు చిన్న ఎరలకు చిక్కవని దీని అర్థం కాదు. పెద్ద ఎర పిల్లచేపలను వడపోసే జల్లెడ వంటిది.

ఈ పద్ధతి దక్షిణ కాలిఫోర్నియాలో బాగా వృద్ధి చెందింది. 1959లో ఫ్లోరిడా జాతి బాస్‌లను శాన్ డియాగో జలాశయాలలోకి తెచ్చి విడిచారు. వినోదపు వేట కోసం ఆ ప్రాంతపు జలాశయాలలో రెయిన్‌బో ట్రౌట్ చేపలను కూడా వదిలేవారు. ఆ ట్రౌట్‌లను తిని బాస్‌లు అసాధారణంగా పెరిగాయి. అది గమనించిన వేటగాళ్లు ట్రౌట్ ఆకారంలో చెక్కతోను, మెత్తని ప్లాస్టిక్‌తోను ఎనిమిది నుండి పన్నెండు అంగుళాల ఎరలను తయారు చేసుకొన్నారు. వీటిని స్విమ్‌బైట్‌లు అంటారు. వీటిని విసరడానికి దృఢమైన గాలపుకర్ర, బలమైన దారం అవసరం. ఎరను నిదానంగా, నిజమైన చేప ఈదుతున్నట్లు లాగాలి.

అన్నిటికంటె ముఖ్యమైన సాధనం ఓర్పు. చిన్న ఎర వేసేవాడు సాయంత్రానికి పట్టిన చేపలను లెక్కిస్తాడు. పెద్ద ఎర వేసేవాడు చేప తగలని రోజులను లెక్కిస్తాడు. ఒక్కదాని కోసం అనేకాన్ని వదులుకోవడమే ఈ విద్యలోని నియమం.

అంతటి నిరీక్షణ తరువాత దక్కిన చేపను ఏం చేయాలి? 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గొమెరీ సరస్సులో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను, అనగా పది కిలోలకు పైబడిన చేపను, పట్టాడు. ఆర్థిక మాంద్యపు రోజులలో అది ఆయన ఇంటివారికి ఆహారమయింది. 2009 జూలై 2న జపానులోని బివా సరస్సులో మనాబు కురిత బ్లూగిల్ అనే సజీవ చేపను ఎరగా వేసి, దానికంటె సుమారు ఒక ఔన్సు ఎక్కువ తూగే బాస్‌ను పట్టాడు. పాత రికార్డును దాటాలంటే కనీసం రెండు ఔన్సులు అధికంగా ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరినీ సమానులుగా ప్రకటించారు.

కాలిఫోర్నియాలోని డిక్సన్ సరస్సు కథ మరొక విధమైనది. అక్కడ 2003లో ఇరవై ఒక్క పౌండ్లకు పైగా తూగిన ఒక బాస్‌ను పట్టి, తిరిగి నీటిలో విడిచారు. 2006లో అదే చేప మాక్ వీక్లీ గాలానికి చిక్కింది. దాని మీది నల్లమచ్చను బట్టి దానిని గుర్తించారు. అప్పుడది 25 పౌండ్ల 1 ఔన్సు తూగింది. కాని గాలం నోటికి కాక శరీరానికి గుచ్చుకొన్నది. చేప తానుగా నోట పట్టనిది న్యాయమైన వేట కాదు. ఆయన రికార్డు కోసం దరఖాస్తు చేయక దానిని మళ్లీ విడిచిపెట్టాడు.

మహాకాయం గల బాస్‌లు సాధారణంగా ఆడచేపలు. ఆ పరిమాణానికి చేరడానికి వాటికి ఎన్నో ఏళ్లు పడుతుంది. 2003లో విడిచిన చేతులు లేకపోతే 2006 నాటి చేప ఉండేది కాదు. పెద్ద చేపను కోరేవాడు పెద్ద ఎరతోపాటు పెద్ద మనస్సును కూడా వెంట తీసుకొని వెళ్లాలి.

ప్రశ్నలు
1. పెద్ద ఎరను జల్లెడతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. కాలిఫోర్నియా జలాశయాలలో బాస్‌లు అసాధారణంగా పెరగడానికి కారణాలేమిటి?
3. డిక్సన్ సరస్సు ఉదంతం వల్ల మనం గ్రహించవలసిన నీతి ఏమిటి?