రాజీకొచ్చినా వాయిదాలే కావాలట!



మామగారు పోయాక ఇంటి స్థలం దగ్గర మా ఆయనకీ బావగారికీ పేచీ వచ్చింది. పంపకాల దావా వేసి పదేళ్లు దాటింది. మొన్న బావగారే మెత్తబడి, రోడ్డువైపు సగం మమ్మల్నే తీసుకోమని కబురంపారు. మొదట్నుంచీ మేమడిగింది అదే! మా ఆయనేమో "కాళ్లబేరానికొచ్చాడు, ఇంకో నాలుగు వాయిదాలు తిప్పుదాం" అంటున్నారు. వాయిదా రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికెళ్లినట్టు వెళ్తారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెదనాన్నతో మాటల్లేవా అని వచ్చినవాళ్లు అడుగుతున్నారు. అప్పట్లో మా తోటికోడలు నన్ను "బయటినుంచి వచ్చినదానివి, నీకేం తెలుసు" అంది. అది మాత్రం నేనూ మరచిపోలేను. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, గుంటూరు జిల్లా

అమ్మా,

మీవారు స్థలం కోసం పోట్లాడటం ఎప్పుడో మానేశారు. అడిగింది చేతికొస్తుంటే వద్దంటున్నారంటే, ఆయనకిప్పుడు కావలసింది అన్నగారు కోర్టు వరండాలో నిలబడటం. పరువు, రక్తసంబంధం అంటూ చెబితే వినరు. లెక్క చెప్పండి.

విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. అమలు సంగతి మీకు నేను చెప్పాలా! దావా గెలిచినా ముందు వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరి వాటా ఎంతో తేల్చడం వరకే. తర్వాత అడ్వకేట్ కమిషనర్ వచ్చి కొలవాలి, కొలతల మీద అభ్యంతరాలు, ఫైనల్ డిక్రీ, ఆపైన అప్పీళ్లు. రోడ్డువైపు ముక్క మీకే వస్తుందన్న హామీ లేదు. ఈలోగా ఎవరికేమైనా అయితే దావా ఆగదు, వారసుల్ని చేరుస్తారు. అంటే రేపు మీ అమ్మాయి అత్తారింటినుంచి వచ్చి పెదనాన్న మీద కేసు నడపాలి. మీవారితో ముందు ఈ మాటే అనండి.

ఒప్పుకుంటే కేసును లోక్ అదాలత్‌కు పంపమని అడిగించండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ అవార్డు మీద అప్పీలు లేదు. మీవారి తత్వానికి అది మరీ మంచిది. రాజీ పత్రంలో కొలతలు, హద్దులు, నడిచే దారి, బోరు ఎవరిదో అన్నీ రాయించండి. వదిలేసిన జానెడు చోటు దగ్గరే మళ్లీ గొడవ మొదలవుతుంది.

ఇక మీ తోటికోడలి మాట. ఆయన సరేనన్న రోజున "ముందు ఆవిడ క్షమాపణ చెప్పాలి" అని మీరే అడ్డం పడతారేమోనని నా అనుమానం. ఆవిడతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఆ మాటను మాత్రం షరతుల్లోకి తేకండి. బావగారు ఎల్లకాలం ఇదే మాట మీద ఉండరు. వచ్చే వాయిదాలోపే లాయరుగారిని కలవండి.