సర్వర్ పలకడం లేదు.. మీరేం చేస్తారు?

లైనక్స్ అడ్మిన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఎదురుగా కూర్చున్నాయన నింపాదిగా అడుగుతాడు: ‘తెల్లవారుజామున మూడింటికి క్లయింట్ ఫోన్ చేశాడు. సర్వర్ పలకడం లేదట. ఏం చేస్తావు?’ ఫ్రెషర్లు చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు, ‘రీస్టార్ట్ చేస్తాను సర్’. సగం ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది.

రీస్టార్ట్ చేయడం తప్పని కాదు. అమ్మకాలు ఆగిపోయి క్లయింట్ గోల పెడుతుంటే నేనూ అదే చేస్తాను. కాకపోతే చేసే ముందు రెండు నిమిషాలు ఆగి చూస్తాను. పింగ్‌కు జవాబు వస్తోందా? ఎస్‌ఎస్‌హెచ్ కొడితే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటోందా, ఉలుకూ పలుకూ లేకుండా టైమౌట్ అవుతోందా? రిఫ్యూజ్డ్ అన్నదంటే సాధారణంగా మెషీన్ బతికే ఉంది, ఆ పోర్టు దగ్గర వినే సర్వీసే లేదు. పింగ్ అందుతూ ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం వేలాడుతుంటే కెర్నెల్‌లో ప్రాణం ఉన్నట్టే. పైనున్న ప్రోగ్రాములు మెమరీకో డిస్క్‌కో మొహం వాచి ఉన్నాయేమోనని అనుమానించాలి. కన్సోల్ స్క్రీన్ మీద ఏముందో ఫొటో తీసి పెట్టుకోండి. రీస్టార్ట్ కొట్టాక అది మళ్లీ దొరకదు.

సర్వర్ లేచాక అసలు పని మొదలవుతుంది. ఉబుంటులో /వార్/లాగ్/ కింద సిస్‌లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో అదే చోట మెసేజెస్ ఫైలు చూడండి. ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1’ కొడితే రీస్టార్ట్‌కు ముందరి బూట్ లాగులు వస్తాయి. అయితే /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ లేని మెషీన్‌లో జర్నల్ ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో పోతుంది. కొత్త సర్వర్ చేతికి రాగానే ఆ ఫోల్డర్ ఉందో లేదో చూసుకోవడం మంచి అలవాటు.

లాగ్‌ను పైనుంచి చదవకండి. సర్వర్ మూగబోయిన క్షణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. ఆ క్షణం ఏదో తేల్చుకోవడంలోనే కొత్తవాళ్లు బోల్తాపడతారు. జులైలో న్యూయార్క్ క్లయింట్ ‘రాత్రి 9కి ఆగిపోయింది’ అంటే యూటీసీలో ఉన్న సర్వర్ లాగ్‌లో అది మర్నాడు 01:00, హైదరాబాద్‌లో మీ గడియారంలో ఉదయం 6:30. ఈ లెక్క తప్పితే గంటసేపు వేరే రోజు లాగ్ చదువుతూ కూర్చుంటారు.

నా సంగతే చెబుతాను. కొత్తలో ఒక సర్వర్ రాత్రి రెండున్నర ప్రాంతంలో పడిపోయేది. లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అని, పక్కన మైఎస్‌క్యూఎల్ పేరు. ‘డేటాబేస్ మెమరీ తినేసింది, రీస్టార్ట్ చేశాం’ అని రిపోర్టు రాసి పడుకున్నాను. మర్నాడు మళ్లీ అదే వేళకు పడింది. మూడో రాత్రి మా సీనియర్ ఆ లైను మీద వేలు పెట్టి, ‘ఇది చచ్చినవాడి పేరు బాబూ, చంపినవాడిది కాదు’ అన్నారు.

మెమరీ నిండిపోతే కెర్నెల్ దాదాపుగా అందరికంటే లావుగా ఉన్న ప్రాసెస్‌నే చంపుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. చంపే ముందు అప్పుడున్న ప్రాసెస్‌లన్నిటి పట్టిక లాగ్‌లో పడేస్తుంది. నేను దాన్ని దాటేసి కింది లైను మాత్రమే చదివాను. అందులో ఆర్‌ఎస్‌ఎస్ అనే గడి ఉంటుంది. ఆ అంకె కిలోబైట్లలో కాదు, పేజీల్లో. మామూలు ఇంటెల్ సర్వర్లలో పేజీకి 4 కేబీ. మైఎస్‌క్యూఎల్ ఎదురుగా 4,50,000 ఉందంటే సుమారు 1.7 జీబీ. ఒక్కొక్క వెబ్ వర్కర్‌కు 20,000 పేజీలు, అంటే 80 ఎంబీ లోపే. చూడ్డానికి పాపం చిన్నవి. కానీ అవి ఎనభై ఉన్నాయి! కలిపితే 6 జీబీ దాటింది. సర్వర్‌లో ఉన్నదే 8.

ఎనభై ఎందుకు పుట్టాయి? ఇంకాస్త వెనక్కి వెళ్తే 02:15కి క్రాన్ లైను: బ్యాకప్ మొదలు. ఆ బ్యాకప్ టేబుళ్లకు తాళం వేసేది. వచ్చిన ప్రతి రిక్వెస్టూ తాళం కోసం ఎదురుచూసేది, దాని వెనక ఇంకో వర్కర్ పుట్టేది. బ్యాకప్ తాళం వేయకుండా నడిచేలా మార్చి, వర్కర్ల సంఖ్యకు కళ్లెం వేశాక ఆ సర్వర్ మళ్లీ నన్ను నిద్రలేపలేదు.

అన్నీ ఇంత మెలికలు తిరగవు. ‘బ్లాక్డ్ ఫర్ మోర్ దేన్ 120 సెకండ్స్’ అని కనబడితే ముందు డిస్క్ వైపు చూడండి. ‘నో స్పేస్ లెఫ్ట్’ అంటూనే డీఎఫ్‌లో జాగా కనబడుతుంటే ‘డీఎఫ్ -ఐ’ కొట్టండి, ఐనోడ్లు అయిపోయి ఉంటాయి. ఏ ఎర్రరూ లేకుండా లాగ్ హఠాత్తుగా తెగిపోతే కరెంటో హార్డ్‌వేరో కెర్నెల్ పానిక్కో అయి ఉండొచ్చు. రాయడానికి కూడా వ్యవధి దొరకలేదన్నమాట.

అమీర్‌పేట కోర్సుల్లో కమాండ్లు బాగానే నేర్పుతారు. పాడైన మెషీన్‌ను మాత్రం చేతికివ్వరు. దాన్ని మీరే తయారుచేసుకోవాలి. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, 1 జీబీ ర్యామ్‌తో ఉబుంటు ఎక్కించి, స్ట్రెస్-ఎన్‌జీ అనే టూల్‌తో మెమరీ నింపి ఆ మెషీన్‌ను పడగొట్టండి. తర్వాత లాగ్ తీసి ఏ క్షణాన ఏమైందో, ఏ లైను చూసి ఆ మాట అంటున్నారో అరపేజీలో రాయండి. మరో రోజు డిస్క్ నింపి చూడండి. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కూడా మెషీన్ ముందు కూర్చుని పనిచేసి చూపించేదే, టిక్కులు పెట్టేది కాదు. ఈ సాధన దానికీ పనికొస్తుంది.

అలాంటి అరపేజీలు నాలుగు జమయ్యాక రెజ్యూమెలో ‘లైనక్స్‌పై మంచి పట్టు ఉంది’ అన్న వాక్యం కొట్టేసి, వాటి లింకు పెట్టండి.